నేను తిప్పని కాగితం

ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, ఆ చదువుతోనే బతుకుదామనుకునే పిల్లలు ఇప్పటికీ ఒకరిద్దరు ఉన్నారని విన్నాను. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. మిగిలినవాళ్ళు చదివినా నష్టం లేదు. ఇంకొకడు చేసిన తప్పు గురించి చదువుతుంటే ఎవరికైనా కాస్త హాయిగానే ఉంటుంది.

డెబ్భైల చివర్లో నార్త్ కరొలైనాలోని ఒక చిన్న కాలేజీలో నాకు ఉద్యోగం దొరికింది. దగ్గర్లోని క్యారీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మా ఆవిడకి, కంపెనీలన్నీ ఒకచోట ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. అప్పట్లో ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళంతా ఒకరింటి హాల్లో కూర్చుంటే ఇంకా కుర్చీలు మిగిలేవి. అందరూ ఇంజనీర్లు, డాక్టర్లు, కెమిస్టులు. నేను చెప్పే పాఠం మెటాఫిజికల్ పొయట్రీ అని తెలిసిన రోజు ఒక పెద్దమనిషి నా పక్కకి జరిగి కూర్చున్నాడు.

"అయితే వేదాంతమేగా మాస్టారూ. వచ్చే సండే మా ఇంట్లో పూజ ఉంది. ఒక అరగంట లెక్చర్ ఇవ్వండి, తర్వాత లంచ్."

"వేదాంతం కాదండీ. ఎక్కువగా ప్రేమ గురించి."

"అంటే భక్తి."

"కాదండీ. ఆడవాళ్ళ మీద ప్రేమ."

ఆయన వంటింటి వైపు తిరిగి, అక్కడున్న మా ఆవిడని జాలిగా చూశాడు. ఆ ఆదివారం భోజనానికి పిలిచారు కానీ లెక్చర్ మాట ఎత్తలేదు.

నిజానికి ఆయన తప్పేం లేదు. ఆ పేరే అలాంటిది. పదిహేడో శతాబ్దం మొదట్లో లండన్లో కొందరు చదువుకున్న కుర్రాళ్ళు, లా పుస్తకాలు బట్టీ పడుతూ, కొలువుల కోసం పెద్దవాళ్ళ గుమ్మాల ముందు నిలబడుతూ, మధ్యలో పద్యాలు రాసుకున్నారు. అచ్చు వేయించుకోవాలన్న యావ వాళ్ళకి లేదు. ఒకరి నోటుబుక్కులోంచి ఇంకొకరు ఎక్కించుకునేవారు. ప్రియురాలి గురించి రెండు ముక్కలు చెప్పాలంటే ఖగోళం, గణితం, వైద్యం, కోర్టు దస్తావేజు అన్నీ పద్యంలోకి లాక్కొచ్చేవారు. తర్వాతి తరాల పండితులకి ఈ వరస నచ్చలేదు. ప్రేమించమంటే తర్కం చెబుతారేమిటని విసుక్కున్నారు. "మెటాఫిజికల్" అన్నది అలా తిట్టుగా తగిలించిన పేరు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళ పాటు వాళ్ళని తలుచుకున్నవాళ్ళు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొందరు విమర్శకులు ఆ కట్టల దుమ్ము దులిపారు. అమెరికా దక్షిణాది కాలేజీలు వాళ్ళని గద్దె ఎక్కించాయి. తిట్టు కాస్తా బిరుదైంది. నాలాంటివాడికి జీతమైంది.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఆ గద్దె ఎక్కించినవాళ్ళ శిష్యుడు. అరవై దాటిన మనిషి, ఎండాకాలంలో కూడా కోటు విప్పేవాడు కాదు. ఎదుటివాడు వాచ్‌మన్ అయినా డీన్ అయినా ఒకే మర్యాద. ఆయన పద్ధతి ఒకటే. పద్యం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అని అడగకూడదు. కాగితం మీద ఉన్న మాటలే లోకం. "కవి బతికున్నాడా పోయాడా అన్నది పోస్ట్‌మన్‌కి కావాలి, పాఠకుడికి కాదు," అని క్లాసులో అనేవాడు. పిల్లలు రాసుకునేవారు. నేనూ రాసుకున్నాను.

నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పర్మనెంట్ చేస్తానని ఆయన మాటిచ్చాడు. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్‌కి కావలసిన ఉత్తరం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే.

ఎనభైల మొదట్లో ఒక ధనికుడి భార్య, భర్త పోయాక ఆయన పుస్తకాలన్నీ మా లైబ్రరీకి ఇచ్చేసింది. ఆ పెట్టెల్లో అరచేతి కంటే కాస్త పెద్దదైన తోలు అట్ట నోటుబుక్కు ఒకటి బయటపడింది. పదిహేడో శతాబ్దంలో ఏదో ఇంగ్లీషు ఇంట్లో రాసుకున్నది. పద్యాలు, ప్రార్థనలు, చర్చి ఉపన్యాసాల్లోంచి ముక్కలు, జ్వరానికి కషాయాలు, అన్నీ ఒకే చేతిరాతలో. పాత చేతిరాతలు చదవడం నేను డాక్టరేట్ రోజుల్లో నేర్చుకున్నాను. హెడ్ నన్ను పిలిచి ఆ పుస్తకాన్ని శుభ్రంగా ఎత్తి రాయమన్నాడు. "ఇలాంటి పనికి మీ వాళ్ళ ఓపిక కావాలి," అన్నాడు. పొగడ్త అనుకుని పొంగిపోయాను.

వేసవి అంతా ఆ పని మీద కూర్చున్నాను. పేజీలకి నంబర్లు లేవు. లైబ్రరీవాళ్ళు అడిగితే ప్రతి కాగితం మూలా పెన్సిల్‌తో నేనే నంబరు వేశాను. సగం దాటాక ఒకచోట ప్రేమ పద్యం మొదలైంది. దూరదేశం పోతున్నవాడు ప్రియురాలిని ఏడవద్దంటున్నాడు, మన ఇద్దరి ఊపిరీ ఒకటే కదా అంటున్నాడు. పది పాదాలు, కుడి పేజీ అడుగున అయిపోయాయి. కాగితం తిప్పాను. బొటనవేలికి కాస్త మందంగా తగిలింది. ఆ రోజుల కాగితం అంతే, ఒకటి పల్చగా ఒకటి దళసరిగా ఉంటుంది అనుకున్నాను. ఎడమ పేజీ పైన మరో పది పాదాలు ఉన్నాయి, అవీ అంత్యప్రాసతోనే. తేనె, అల్లం గోరువెచ్చగా కాచి, తల పైకెత్తి పట్టుకుని గొంతులో పోయాలి. కంబళి కప్పాలి. గాలి తగలనివ్వకూడదు. మూడు ఉదయాలు అలా చేస్తే అతడు లేచి నడుస్తాడు.

నాకు అనుమానం రాలేదని కాదు. పై పది పాదాల్లో ఉన్నది "నేను", "ఆమె". కింద ఉన్నది "అతడు". మన దేశంలో వైద్యం, జ్యోతిషం, లెక్కలు కూడా పద్యాల్లో రాసుకున్నారని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాణ్ణి. పద్యంలో ఉన్నంత మాత్రాన కవిత్వం కానక్కర్లేదని ఆ కాలేజీలో అందరికంటే ముందు నాకు తట్టాలి. తట్టింది కూడా. అయితే హెడ్ దగ్గరికి వెళ్ళి అనుమానం చెప్పేసరికి ఆయన కుర్చీలోంచి లేచాడు.

"డాక్టర్, మీరు చూస్తున్నదేమిటో మీకు తెలుస్తోందా?" అన్నాడు. "వియోగం నుంచి వైద్యానికి ఒక్క గంతు. వంతెన లేదు, క్షమాపణ లేదు. ఈ కవిత్వం అంటే ఇదే."

"ఆ ‘అతడు’ ఎవరు సర్?"

"అది అడగాల్సిన ప్రశ్న కాదు. అనుభవించాల్సిన ప్రశ్న."

ఏడాది తిరిగేలోపు, ఆ ఇరవై పాదాలూ ఒకే పద్యమంటూ ఆయన వ్యాసం ఒక పెద్ద పత్రికలో వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో నాకు కృతజ్ఞతలు, నా పేరు తప్పు స్పెల్లింగుతో. కాలేజీ పిల్లల కోసం కవితా సంకలనం వేస్తున్న ఒక సంపాదకుడు ఆ పద్యాన్ని చేర్చుకుంటానన్నాడు. మా కాలేజీవాళ్ళు ఒక సభ పెట్టి, పుస్తకమిచ్చిన పెద్దావిడని, బయటి పండితులని పిలిచారు. నోటుబుక్కుని అద్దాల పెట్టెలో పెట్టి చూపించాలని నిర్ణయించారు.

పెట్టెలో పెట్టేముందు దాన్ని లైబ్రరీ బేస్‌మెంట్‌కి పంపారు. అక్కడ పాత పుస్తకాలు బాగుచేసే ఒకావిడ ఉండేది. హైస్కూలు దాటని మనిషి, రోజుకి పది మాటలకి మించి మాట్లాడేది కాదు. సభ శుక్రవారమనగా సోమవారం పొద్దున నాకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళేసరికి నోటుబుక్కు బల్ల మీద తెరిచి ఉంది.

"డాక్టర్, ఈ నంబర్లు మీరు వేసింది పెన్సిల్‌తోనేగా?"

"అవును."

"మంచిదే. చెరపొచ్చు."

తడి అద్దుడు కాగితం కాసేపు ఆనించి, పల్చటి బద్దతో ఆవిడ ఒక కాగితాన్ని రెండుగా విడదీసింది. ఎప్పుడో చెమ్మ తగిలి రెండు కాగితాలు అంచుల దగ్గర అతుక్కుపోయాయి. నేను వాటిని ఒకటిగా తిప్పాను. లోపల దాక్కున్న రెండు పేజీలూ తెల్లగా, నిన్న రాసినట్టు ఉన్నాయి. ఎడమ వైపు ప్రేమ పద్యం చివరి భాగం. కుడి వైపు పైన పెద్ద అక్షరాల్లో "దగ్గు పట్టిన గుర్రానికి" అని శీర్షిక, దాని కింద మందు తయారీ మొదటి పాదాలు. ఇంగ్లీషువాళ్ళు మగ గుర్రాన్ని కూడా "అతడు" అనే అంటారు.

నేను కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రేమ పద్యం అసలు ముగింపు చాలా చప్పగా ఉంది. పోయి వస్తాను, ఉత్తరాలు రాస్తాను, దేవుడు చూస్తాడు, అంతే. రాసినవాడికి ఆ పది పాదాల తర్వాత ఓపిక అయిపోయినట్టుంది.

ఆ మధ్యాహ్నమే హెడ్ గదికి వెళ్ళి ఆ పేజీలు తెరిచి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"రెండింట్లో ఏది మంచి పద్యం?" అని అడిగాడు చివరికి.

"మనది సర్," అన్నాను.

అబద్ధం చెప్పలేదు. కానీ ఆ "మన" అన్న మాటతో నేను ఎటువైపు ఉన్నానో తేలిపోయింది.

"ఆ పెద్దావిడకి ఎనభై ఏళ్ళు. శుక్రవారం ఆమె సంతోషపడే రోజు. సభ అయ్యాక పత్రికకి సవరణ పంపుదాం. అందాకా ఈ సంగతి మనిద్దరి మధ్య ఉండనివ్వండి."

"సరే సర్," అన్నాను. గుండె తేలికపడింది కూడా. తప్పు ఒప్పుకున్నవాడినన్న పేరు దక్కింది, దాని ఖర్చు మాత్రం పడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ విన్నది.

"మీరు చెప్పేశారు కదండీ. ఇంక అది ఆయన హెడేక్. లెటర్ సైన్ చేయాల్సింది ఆయనే, గుర్తుంచుకోండి," అంది. పప్పు గిన్నె ఇటు జరిపి, "మా ల్యాబ్‌లో లేబుల్ తప్పుపడితే బ్యాచ్ మొత్తం పారబోస్తాం. మీ దగ్గరైతే సభ పెట్టి శాలువా కప్పుతారు," అంది.

శుక్రవారం హాలు నిండిపోయింది. పుస్తకమిచ్చిన పెద్దావిడ మొదటి వరసలో, టోపీ పెట్టుకుని, చేతులకి తెల్ల గ్లవ్స్ వేసుకుని కూర్చుంది. అద్దాల పెట్టెలో నోటుబుక్కు మూసే ఉంది. అట్ట అందం కనపడాలని అలా పెట్టామని హెడ్ అందరికీ చెప్పాడు.

ఆయన ఉపన్యాసం గొప్పగా సాగింది. అది నేను ఇప్పుడు కూడా కాదనను. పైకెత్తి పట్టుకున్న గొంతు స్వర్గం వైపు బలవంతంగా తిప్పిన ఆత్మట. కంబళి దేహమట, దేహం సమాధి కూడానట. మూడు ఉదయాలంటే పునరుత్థానమని వేరే చెప్పనక్కర్లేదట. "ఆమె"ని వదిలి వెళ్ళేవాడు తనని తాను కూడా వదిలేస్తాడు, అందుకే "నేను" అన్నవాడు "అతడు" అయ్యాడట. మా ఊళ్ళో అవధానులు శ్లేష విప్పుతుంటే సభలో తలలూగడం చిన్నప్పుడు చూశాను. ఇక్కడా అలాగే ఊగాయి. ఆ గుర్రానికి దగ్గు తగ్గిందో లేదో కానీ, తత్వం మాత్రం బాగా వంటబట్టింది.

ప్రశ్నలు అడగమన్నారు. పెద్దావిడ చెయ్యెత్తింది.

"ప్రొఫెసర్లు మాట్లాడే ఇంగ్లీషు నాకు సరిగా అర్థం కాదు. ఏమీ అనుకోకండి," అంది. "కానీ ఆ రెండో సగం గుర్రానికి మందు పట్టడం కదా. మా నాన్న అలాగే పట్టేవాడు. తల పైకెత్తి పట్టుకోకపోతే మందంతా బయటికి కారిపోతుంది. తర్వాత కంబళి కప్పి, గాలి తగలని చోట కట్టేసేవాడు."

హాలంతా నవ్వింది. వెక్కిరింతగా నవ్వలేదు. పసిపిల్ల ముద్దుమాటలకి నవ్వినట్టు నవ్వింది. వెక్కిరించినా అంత బాధ ఉండేది కాదు.

హెడ్ వేదిక మీంచి కొద్దిగా వంగి, "ఎంత చక్కటి ఊహ మేడమ్. గొప్ప పద్యం ప్రతి పాఠకుడికీ తన బాల్యాన్ని తిరిగి ఇస్తుంది," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆయనకి తెలుసు. నాకు తెలుసు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ బేస్‌మెంట్ ఆవిడకీ తెలుసు. పెద్దావిడ చెయ్యి దించి గ్లవ్స్ వేళ్ళు సర్దుకుంటోంది. చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్నామెతో, "నేను మందు సంగతే అన్నాను," అని మెల్లగా అనడం నాకు వినిపించింది.

నేను లేచి నిలబడ్డాను. ధైర్యమని చెప్పుకోను. కూర్చుని ఉండలేకపోయాను, అంతే.

"ఆవిడ చెప్పింది నిజం," అన్నాను. "అది గుర్రం దగ్గుకి మందు. పైన శీర్షిక కూడా ఉంది. రెండు కాగితాలు అతుక్కుని ఉంటే చూసుకోకుండా ఒకటిగా తిప్పింది నేను. ప్రేమ పద్యానికీ దానికీ సంబంధం లేదు."

హెడ్ తన కాగితాలు అంచులు కలిసేలా సర్దుకుంటున్నాడు. అప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ లేచాడు. ఉత్తరాది యూనివర్సిటీ నుంచి ఫ్రెంచి సిద్ధాంతాలు మోసుకొచ్చినవాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇది ఇంకా ఆసక్తికరం," అన్నాడు. "అంటే ఈ పద్యానికి రచయిత లేడు. పొరపాటే రచయిత. కాగితాలు అతుక్కోవడమే రచన."

వెనక వరసల్లో ముగ్గురు నోట్స్ రాసుకున్నారు.

పెద్దావిడ కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూసింది. "మరి ఆ గుర్రం బతికిందా?" అని అడిగింది.

"తెలియదు మేడమ్. అది రాయలేదు."

"బతికే ఉంటుంది," అంది. "మందు మంచిదే."

సోమవారం హెడ్ పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆయన గొంతు పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"నాతో ముందు చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

"పోయిన సోమవారం చెప్పాను సర్."

"నేను అంటున్నది ఆ వేసవి సంగతి. కాగితం వేలికి మందంగా తగిలినప్పుడు."

అది నేనే ఆయనకి చెప్పాను, పేజీలు చూపించిన రోజు. ఆయన నేను ఎత్తి రాసింది చదివి పొరబడ్డాడు. నేను వేలితో తడిమి కూడా పొరబడ్డాను. ఆయన ఉత్సాహం చూసి నా అనుమానాన్ని మింగేశాను. పర్మనెంట్ ఉద్యోగం ఆశ దాన్ని దిగమింగడానికి బాగా పనికొచ్చింది.

ఆయన సవరణ పంపాడు. తన పేరుతోనే, ఎవరి మీదా నెట్టకుండా, నాలుగు వాక్యాలు. పత్రికవాళ్ళు దాన్ని చివరి పేజీలో ప్రకటనల పక్కన వేశారు. నా ఉద్యోగాన్ని ఆ ఏడాదితో సరిపెట్టాడు. కారణంగా "ఎత్తి రాయడంలో అజాగ్రత్త" అని రాశాడు. అక్షరం పొల్లు పోలేదు.

గ్రీన్‌కార్డ్ మా ఆవిడ కంపెనీ ద్వారా వచ్చింది. ఆ రీసెర్చ్ పార్కులోనే ఒక కంప్యూటర్ కంపెనీలో మాన్యువల్స్ రాసే పనికి నేను కుదిరాను. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఎలా తీయాలో రాయడం. మొదటి రోజు మా బాస్ చెప్పిన సూత్రం ఒకటే. ప్రతి వాక్యానికీ ఒకే అర్థం ఉండాలి, రెండో అర్థం వచ్చిందంటే ఎవరో ఒకరి వేలు నలుగుతుంది. ఇరవై ఏళ్ళు అదే రాశాను. దాని మీద ఎవరూ సభ పెట్టలేదు.

పెద్దావిడ పట్టుబట్టి అద్దాల పెట్టెలో నోటుబుక్కుని గుర్రం పేజీ దగ్గర తెరిపించిందని తర్వాత విన్నాను.

ఇక ఆ పద్యం. సంకలనం అప్పటికే అచ్చులో ఉంది. సంపాదకుడు దాన్ని తీసేయకుండా కింద ఒక చిన్న వివరణ చేర్చాడు. రెండో ముద్రణలో పేజీ సరిపోక వివరణ ఎగిరిపోయింది. పద్యం మిగిలింది.

ఎనభైల చివర్లో క్యారీలోనే మా స్నేహితుడైన ఒక డాక్టరు గారి అమ్మాయి మా ఇంటికొచ్చింది. కాలేజీలో మొదటి సంవత్సరం. చేతిలో ఆ సంకలనం.

"అంకుల్, ఈ పోయమ్ మీకు తెల్సా? నాకు ఫ్రైడే పేపర్ డ్యూ ఉంది. సెకండ్ హాఫ్ అసల్ అర్థం కావట్లేదు."

నాకు తెలిసినంతా చెప్పాను. అతుక్కున్న కాగితాలు, బేస్‌మెంట్ ఆవిడ, సవరణ పడిన పత్రిక సంచిక, అన్నీ. అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని రాసుకుంది. "దిస్ ఈజ్ సో కూల్, అంకుల్," అంది.

రెండు వారాల తర్వాత పేపర్ పట్టుకుని మళ్ళీ వచ్చింది. సి గ్రేడ్. ఎర్ర సిరాతో ప్రొఫెసర్ రాసినదాని సారాంశం ఇది: శ్రమపడ్డావు, సంతోషం, కానీ పద్యాన్ని మరీ వాచ్యార్థంలో చదివావు, లోతుకి వెళ్ళలేదు.

"నేను ఆయనతో మాట్లాడనా?" అని అడిగాను.

"వద్దంకుల్, ప్లీజ్," అంది వెంటనే. "రీరైట్ చేయొచ్చు అన్నారు. ఈసారి నేనే చూస్కుంటా."

తిరగరాసింది. ఎ మైనస్ వచ్చింది. నేను నొచ్చుకోకూడదని కాబోలు, ఆ కాపీ ఒకటి మా ఇంట్లో ఇచ్చి వెళ్ళింది. కూర్చుని చదివాను. ఆత్మ, దేహం, సమాధి, మూడు ఉదయాలు, అన్నీ ఉన్నాయి. మా హెడ్ కంటే చక్కగా రాసింది. ఆరు పేజీలు. గుర్రం అన్న మాట ఎక్కడా లేదు.